జైల్లో ఉండి గెలిచినాయన, గెలిచినాక రాజీనామా ఎందుకు చేసినట్టు?

గిరి_సాయినగర్
మా పాప తొమ్మిదో తరగతి. బళ్లో ప్రాజెక్టు ఇచ్చినారు. మన అనంతపురం జిల్లా ఎమ్మెల్యే ఒకరి జీవితం, రెండు పేజీలు, ఫోటో అతికించాలంట. ఇప్పుడున్నవాళ్ల గురించి రాస్తే ఏ పార్టీవాళ్లతో ఏం తంటా వస్తుందో అని పాతవాళ్లను తీసుకోమన్నా. అదే నేను చేసిన తప్పు.

మా నాయన నీలం సంజీవరెడ్డి గురించి రాయమంటాడు. "రాష్ట్రపతి అయినాయన మన జిల్లావాడైతే ఇంకొకరి పేరెందుకు" అని. మా జేజినాయనకు 92. ఆయన మంచం మీంచే తరిమెల నాగిరెడ్డి అంటాడు. "జైల్లో ఉండి సంజీవరెడ్డిని ఓడించినాడురా, రాయమను" అని మూడు రోజుల నుంచి అదే మాట. మధ్యలో పాప ఏడుపు, మా ఇంట్లోవాళ్లు నామీద కోపం.

నా అనుమానాలు రెండు. ఒకటి, జైల్లో ఉన్నాయన పోటీ ఎట్లా చేసినాడు? రెండు, అంత కష్టపడి గెలిచిన సీటు తర్వాత ఎప్పుడో రాజీనామా చేసి వదిలేసినాడంటారు. ఓట్లేసినవాళ్లకు అది అన్యాయం కాదా? తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారం ఇచ్చేయాల.

బుడ్డలబస్తా
ఫోటో కావాలంటే బాధేముంది, క్లాక్ టవర్ దగ్గర నిలబడితే ఎటు చూసినా ఫ్లెక్సీలే. ఒకటి కత్తిరించుకో.

గిరి_సాయినగర్
@బుడ్డలబస్తా ఆ ఫ్లెక్సీ ఒక్కటే మా పాప ప్రాజెక్టు కన్నా పెద్దదప్పా.

పాతకాగితం
రెండు ముక్కల్లో చెప్పలేను, కాస్త ఓపిక పట్టండి.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న తరిమెలలో పుట్టాడు. ఇప్పుడది శింగనమల మండలం. బాగా కలిగిన ఇల్లు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో, తర్వాత మద్రాసు లయోలాలో, ఆ పైన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివాడు. మన మెట్టసేద్యం ఊళ్లలో ఆ కాలంలో కాశీ దాకా పోయి చదివినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే అనుకోండి. అంత చదువు చదివినవాడు ప్లీడరుగానో పెద్ద ఉద్యోగంలోనో కుదురుకునేవాడు. ఈయన కమ్యూనిస్టు అయి ఇంటికొచ్చాడు. యుద్ధం వల్ల జనం మీద పడే ఆర్థిక భారం గురించి చిన్న పుస్తకం రాసి 1940లో తెల్లవాళ్ల జైలుకు పోయాడు. 1941లో ఒకసారి, 1946లో ఇంకోసారి. తన వాటాకు వచ్చిన భూమి కూలీలకు పంచేశాడు.

ఇక సభల లెక్క. 1952లో అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే మన జిల్లాల సభ్యులంతా కర్నూలు సభకు వచ్చేశారు, ఈయనా వచ్చాడు. 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు. 1962లో పుట్లూరు నుంచి హైదరాబాదు అసెంబ్లీకి. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం వైపు నిలబడ్డాడు. 1967లో మళ్లీ అనంతపురం. మద్రాసు, కర్నూలు, ఢిల్లీ, హైదరాబాదు. నాలుగు సభలు చూసినాయన 1969లో చాలనుకుని రాజీనామా చేశాడు. రెండు పేజీల్లో ఇది పట్టించాలంటే పాప అక్షరాలు చిన్నవిగా రాయాల.

ఉరవకొండ_ఉష
సంజీవరెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు కదా? మా ఇంట్లో అట్లే అంటారు.

పాతకాగితం
@ఉరవకొండ_ఉష కాదమ్మా, బావా బామ్మర్దులు. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ, నాగిరెడ్డికి తోబుట్టువు. 1952లో అనంతపురంలో బావ కాంగ్రెస్, బామ్మర్ది కమ్యూనిస్టు. బావ ఓడిపోయాడు.

బుడ్డలబస్తా
ఆ సంవత్సరం ఉగాదికి ఓళిగలు ఎవరింట్లో తిన్నారో.

తాడిపత్రి_లాయర్
జైలు సంగతి నేను చెబుతా, ఇది చాలామంది తికమకపడే విషయం.

జైల్లో ఉండడం వేరు, శిక్ష పడడం వేరు. మామూలుగా నేరం రుజువై రెండేళ్లో అంతకన్నా ఎక్కువో శిక్ష పడితే అనర్హత. ఊరికే లోపల ఉన్నంత మాత్రాన పోటీకి అడ్డు లేదు. అప్పట్లో కమ్యూనిస్టులను చాలామందిని విచారణ లేకుండానే లోపల పెట్టేవాళ్లు. 1950లో ముందస్తు నిర్బంధ చట్టం కూడా వచ్చింది. కాబట్టి సంతకం చేసిన నామినేషన్ కాగితం బయటికి చేరితే చాలు, మిగతాది బయటున్నవాళ్లు చూసుకుంటారు.

తమాషా ఏంటంటే, జైల్లో ఉన్నాయన పోటీ చేయొచ్చు గాని ఓటు వేయలేడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు మాత్రం దాంట్లో మినహాయింపు ఉంది. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఓటు లేనివాడికి పోటీ కూడా లేదంది. రెండు మూడు నెలల్లోనే పార్లమెంటు చట్టం సవరించి ఆ తీర్పును పక్కన పెట్టింది. ఆ ఒక్క విషయంలో అన్ని పార్టీలవాళ్లూ ఎంత ఐకమత్యంగా ఉన్నారో అడగొద్దు.

చిత్రావతి_గట్టు
గిరి అన్న రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పడం లేదు. నేను చెబుతా. అన్యాయమే. జనం ఐదేళ్లకు పంపితే రెండేళ్లకే "ఈ సభలో ఏమీ జరగదు" అని వచ్చేస్తే, ఓటేసినవాడి బతుకేం కావాల? ఏమీ జరగదని తెలుసుకోడానికి నాలుగు సభలు తిరగాల్నా?

మా ఊరి సంగతి చెబుతా. వాగు మీద కల్వర్టు లేక వానాకాలం బడికి పోయే పిల్లోళ్లు మూడేసి రోజులు ఆగిపోయేవాళ్లు. అప్పటి ఎమ్మెల్యే (పేరొద్దు, మంచోడూ కాదు చెడ్డోడూ కాదు) అసెంబ్లీలో ప్రశ్న వేసినాడు. నక్షత్ర గుర్తు ప్రశ్న అంటారు దాన్ని, మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల, పైన ఎదురు ప్రశ్నలు కూడా అడగొచ్చు. మంత్రి "ప్రతిపాదన పరిశీలనలో ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాట కాగితం మీదికి ఎక్కింది కాబట్టి ఆఫీసులో ఫైలు కదిలింది. రెండేళ్లు పట్టింది, అయినా కల్వర్టు వచ్చింది. మా ఎమ్మెల్యే సిద్ధాంతం పేరు చెప్పి రాజీనామా చేసి ఉంటే మా పిల్లోళ్లు ఇంకా గట్టు మీదే కూర్చునుండేవాళ్లు.

బెంగుళూరు_బస్సు
@చిత్రావతి_గట్టు కల్వర్టు ఇంకా ఉందా?

చిత్రావతి_గట్టు
@బెంగుళూరు_బస్సు సగం ఉంది.

పాతకాగితం
చిత్రావతి మాట కొట్టేయను. కానీ 1969 అంటే ఏ కాలమో చూడాల. అటు శ్రీకాకుళంలో గిరిజనుల పోరాటం నడుస్తా ఉంది. 1968లోనే ఈయన సీపీఎం నుంచి తన వర్గంతో బయటికొచ్చాడు. అప్పుడు సభలో ఉంటే ఎవరి తరఫున ఉన్నట్టు? గెలిచిన పార్టీతో సంబంధం తెగినాక సీటు పట్టుకుని కూర్చోవడం ఇప్పుడైతే మామూలు. అప్పుడు అడ్డుకునే చట్టం కూడా లేదు. ఆయన సీటు వదిలేశాడు.

ఇంకో మాట. నాగిరెడ్డి అనగానే తుపాకీ అనుకునేవాళ్లున్నారు. నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ దారి ఈయన దారి కాదు. జనం కదలకుండా నలుగురు పోయి నలుగురిని చంపితే విప్లవం రాదని వాదించి, 1969 ఫిబ్రవరికే ఆ గుంపుకు దూరమయ్యాడు. ఆ ఏడాది చివర మద్రాసులో పట్టుకున్నారు. హైదరాబాదు కుట్రకేసు. కోర్టులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత పుస్తకమైంది. అప్పులు, విదేశీ పెట్టుబడులు, ఎరువుల కంపెనీలు, అన్నీ లెక్కలే. ముద్దాయి వాంగ్మూలమని చెప్పకుండా చేతికిస్తే అసెంబ్లీలో బడ్జెట్ మీద చేసిన ప్రసంగం అనుకుంటారు.

చిత్రావతి_గట్టు
అదే నేనంటా ఉండేది. ఆ లెక్కలు అసెంబ్లీలోనే చెప్పొచ్చు కదా. కోర్టులో జడ్జి ఒక్కడే వింటాడు.

పాతకాగితం
అసెంబ్లీలో ఎంతమంది విన్నారంటావ్?

డోన్_జంక్షన్
మీ తగవులో సంజీవరెడ్డిని ఓడిపోయినాయనగా మిగిల్చేస్తున్నారు. గిరి అన్న వాళ్ల నాయన తరఫున నేను మాట్లాడతా.

ఇల్లూరులో 1913లో పుట్టాడు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ 1929లో గాంధీ వచ్చిపోయినాక చదువు మానేసి ఉద్యమంలోకి దిగాడు. 1952లో సొంత ఊళ్లో, సొంత బామ్మర్ది చేతిలో, అదీ జైల్లో ఉన్న మనిషి చేతిలో ఓడిపోతే ఇంకొకడైతే తల ఎత్తుకునేవాడా? ఈయన రాజ్యసభకు పోయి, మరుసటి సంవత్సరం తిరిగొచ్చి ప్రకాశం పంతులు కింద ఉప ముఖ్యమంత్రి అయ్యాడు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. 1962లో మా డోన్ నుంచి గెలిచి రెండోసారి ముఖ్యమంత్రి. ఆయన ఉండగానే 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచాడు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌వే. ఆ మిగిలిన ఒక్కటీ ఈయనది. అదే ఏడు పోటీ లేకుండా రాష్ట్రపతి.

మా పక్కవాళ్లకు ఓటమి నుంచి లేవడం ఎట్లాగో చెప్పాలంటే ఈయన పేరే చెబుతాం.

కడప_కారం
శ్రీశైలం పేరెత్తినావు కాబట్టి ఒక మాట. మా మేనత్తవాళ్లది ముంపు ఊరు. శంకుస్థాపన ఫోటోలో అందరూ ఉంటారు, ఇల్లు మునిగినప్పుడు ఫోటో తీసేవాడే ఉండడు. సరే, మీ తగవు మీరు కానీండి.

ఉరవకొండ_ఉష
ఒక్క నిమిషం. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు బావ ఉప ముఖ్యమంత్రి, బామ్మర్ది ఎదుటి బెంచీల్లో? ఒకే సభలోనా?

పాతకాగితం
ఒకే సభలో. 1954 నవంబర్‌లో అవిశ్వాసం పెట్టి ప్రకాశం ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో పడగొట్టారు. మద్యనిషేధం ఎత్తేయాలా వద్దా అన్న గొడవ మీద. కమ్యూనిస్టులు పడగొట్టినవాళ్ల వైపు.

బుడ్డలబస్తా
చెల్లెలు మొగుడి ఉద్యోగం ఊడగొట్టినోడు మా వీధిలోనూ ఒకడున్నాడు, కానీ వాడికి అవిశ్వాస తీర్మానం అవసరం పడలేదు.

బెంగుళూరు_బస్సు
సంజీవరెడ్డి కూడా ఒకసారి రాజీనామా చేసినాడు కదా, బస్సుల కేసులో? అంటే బావా బామ్మర్దులిద్దరూ రాజీనామా చేసినోళ్లే.

డోన్_జంక్షన్
అవును, 1964 ఫిబ్రవరిలో. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను ప్రభుత్వం తీసేసుకున్న కేసు. సుప్రీంకోర్టు తీర్పులో తన మీద మాట పడిందని దిగిపోయాడు. కోర్టు దిగమనలేదు. తనే దిగాడు. ఈ కాలంలో ఎవరన్నా దిగుతారా?

చిత్రావతి_గట్టు
తిట్టించుకున్నాక దిగితే దాన్ని త్యాగం అంటారా డోన్ అన్నా? తనకు గిట్టనివాళ్ల బస్సులు పోవాలనే ఆ రూట్లు ఏరినారని కదా ఆరోపణ.

తాడిపత్రి_లాయర్
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. బస్సు యజమానులు ముఖ్యమంత్రి మీద నేరుగా దురుద్దేశం అంటగట్టారు. ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి అది అబద్ధమని చెప్పలేదు. కోర్టు పట్టుకున్నది ఆ పాయింటే. కాదని ప్రమాణం చేయాల్సిన మనిషి మౌనంగా ఉంటే ఆరోపణ నిలబడినట్టే అంది. మా సీనియర్ జూనియర్లకు మొదట చెప్పే పాఠం ఇదే, మీ క్లయింటు ఎంత పెద్దవాడైనా సంతకం పెట్టించండి అని.

ఇంకోటి, జూన్‌కల్లా ఆయన శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు గనుల మంత్రి. నాలుగు నెలలు కూడా ఖాళీగా లేడు. నాగిరెడ్డి రాజీనామా తర్వాత దొరికింది జైలు. రాజీనామా అనే మాట ఒకటే గాని రెండూ ఒక తక్కెడలో తూగవు.

రాజీనామా కాగితం గురించి కూడా చెప్పి ఆపేస్తా. నాగిరెడ్డి కాలంలో స్పీకరుకు ఉత్తరం రాసిస్తే సీటు ఖాళీ అయినట్టే. 1974లో 33వ రాజ్యాంగ సవరణ వచ్చినాక, అది ఇష్టపూర్వకంగా చేసిందా, నిజమైనదా అని స్పీకరు తేల్చుకోవాలి. అందుకే ఇప్పుడు రాజీనామా ఇచ్చి ఏడాది గడిచినా ఆమోదం కాలేదంటూ జీతం తీసుకునేవాళ్లు కనబడతారు. ఖాళీ సీటుకు ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలనే గడువు కూడా 1996లో వచ్చిందే. కాబట్టి చిత్రావతి గారూ, మీ బాధలో కొంత న్యాయం ఉంది. 1969లో సీటు వదిలేస్తే కొత్తవాడు ఎప్పుడొస్తాడో చెప్పే చట్టం లేదు.

చిత్రావతి_గట్టు
లాయర్ గారు నా వైపు మాట్లాడినారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

గిరి_సాయినగర్
ఇదంతా జేజినాయనకు చదివి వినిపిస్తా ఉన్నా. నాగిరెడ్డిని అన్యాయం చేసినాడన్నది ఎవరు అని అడిగినాడు. చిత్రావతి అన్న అని చెప్పినా. "వాని ఊరేది" అన్నాడు. చెప్పలేదులే అన్నా, భయపడొద్దు.

"నేను వేసినా ఓటు 1952లో, కంకి కొడవలికి, నన్నడగండిరా" అంటున్నాడు.

తాడిపత్రి_లాయర్
గిరి గారూ, పెద్దాయనకు 92 అన్నారు. అంటే 1952 మొదట్లో 18, 19. అప్పుడు ఓటు వయసు 21. పద్దెనిమిదికి తగ్గించింది 1989లో.

బుడ్డలబస్తా
అయిపాయ. 73 ఏళ్ల తర్వాత దొంగ ఓటు బయటపడింది.

బెంగుళూరు_బస్సు
ఇప్పుడు ఎన్నిక కొట్టేస్తే సంజీవరెడ్డి గెలిచినట్టా?

గిరి_సాయినగర్
అడిగినా. "వాళ్లు వయసు అడిగితే ఇరవైరెండని చెప్పినా, అప్పుడు మీసం బాగుండేది" అన్నాడు. నమ్మాల్నో వద్దో తెలీడం లేదు.

ఉరవకొండ_ఉష
మా అవ్వ వేసింది ఆ ఓటు, అది మాత్రం దొంగ ఓటు కాదు. ఆమె చెప్పింది నాకు బాగా గుర్తు.

ఇప్పట్లా మిషను కాదు, మధ్యలో కొన్నాళ్లు ఉన్నట్టు ఒకే కాగితం మీద అందరి గుర్తులూ ఉండి ముద్ర వేయడమూ కాదంట. లోపల గోనెపట్టా కట్టిన మరుగులో పెట్టెలు వరసగా పెట్టుంటారు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అతికించి ఉంటుంది. జోడెద్దులు కాంగ్రెస్, కంకి కొడవలి కమ్యూనిస్టులు. చేతికి ఒక చీటీ ఇస్తారు, దాని మీద ఏ పేరూ ఉండదు. నీకు కావాల్సిన పెట్టెలో వేసి రావాల. మా అవ్వ జోడెద్దుల పెట్టె ముందర నిలబడి దండం పెట్టుకుందంట, బసవన్న అని. వెనకున్న ఆమె "వేస్తే వెయ్యి, మొక్కేది గుళ్లో మొక్కు" అని తోసిందంట. వేలికి సిరా పెట్టినారని ఇంటికొచ్చి బూడిదతో తోముకుంది, పోలేదు.

డోన్_జంక్షన్
మా సంజీవరెడ్డికి ఒక ఓటు ఖాయం. బసవన్న దయ.

పెద్దపాడు_పిల్లోడు
అందరూ ఈ ఇద్దరి మధ్యే తిరుగుతున్నారు. ప్రాజెక్టుకు మా కర్నూలు దామోదరం సంజీవయ్య పనికిరాడా? కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టాడు. చదివింది మీ అనంతపురం ఆర్ట్స్ కాలేజీలోనే, కాబట్టి మీకూ వాటా ఉంది. చిన్న ఉద్యోగాలు చేసి, లా చదివి, 1952లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి 38 ఏళ్లు. దేశంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు. పదవిలో ఉన్నది రెండేళ్లు రెండు నెలలు. ఆ కాస్త కాలంలోనే వృద్ధాప్య పింఛను, ఏసీబీ.

కలిగిన ఇళ్ల బావా బామ్మర్దుల రాజీనామాలు చదువుతా ఉంటే నాకు ఒకటే అనిపిస్తుంది. వదిలేయడానికి ముందు చేతిలో ఉండాల కదా.

పాతకాగితం
@పెద్దపాడు_పిల్లోడు ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. బాగా అన్నావు.

చిత్రావతి_గట్టు
నేను ఇంతసేపు చెప్పిందీ అదే, ఇంత పొట్టిగా చెప్పడం రాలేదు.

కడప_కారం
ఏసీబీ 1961 జనవరిలో పుట్టింది, కరెక్టే. మా కడప నుంచి ఎవరినీ అడగలేదేం? కోటిరెడ్డి లేకుంటే 1937లో శ్రీబాగ్ ఒడంబడికే (కోస్తావాళ్లకు, సీమవాళ్లకు కుదిరిన ఒప్పందం) లేదు, అది లేకుంటే కర్నూలు రాజధానే లేదు, బావా బామ్మర్దులు కొట్టుకోడానికి సభే లేదు.

బుడ్డలబస్తా
కడపోళ్లు వచ్చినారంటే చర్చ పొద్దుపోయేదాకా సాగుతుంది. ఉగ్గాని బజ్జీ తెప్పించండి.

శింగనమల_చెరువు
ఇంతసేపు చదువుతా ఉన్నా, మాది ఆ పక్కే కాబట్టి ఒకటి చెప్పిపోతా. ఇల్లూరు గార్లదిన్నె మండలం, తరిమెల శింగనమల మండలం. నాగిరెడ్డి గెలిచిన పుట్లూరు పేరుతో ఇప్పుడు నియోజకవర్గం లేదు, అది ఒక మండలం. ఈ మూడూ కలిసి ఇప్పుడు ఒకటే నియోజకవర్గం, శింగనమల. ఎస్సీ రిజర్వుడు. అంటే ఈ రోజు బావా బామ్మర్దులు బతికుంటే సొంత ఊరి సీటుకు ఇద్దరిలో ఎవరూ నామినేషన్ వేయలేరు. పెద్దపాడు తమ్ముని సంజీవయ్య ఒక్కడే వేయగలడు.

పెద్దపాడు_పిల్లోడు
😀 ఇది మా ఊరి గ్రూపులో పెడుతున్నా.

వేదిక_నిర్వాహకుడు
ఇప్పటి ఎమ్మెల్యేల పేర్లతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్లకు తెలుసు. పాతవాళ్ల దగ్గరే ఆగండి.

ఉరవకొండ_ఉష
పాతవాళ్ల దగ్గరే ఆగి ఒకటి అడుగుతా. నాగిరెడ్డి ఎప్పుడు పోయినాడు?

పాతకాగితం
1976 జూలై 28, హైదరాబాదులో. ఎమర్జెన్సీ. అజ్ఞాతంలో ఉండగానే.

ఉరవకొండ_ఉష
సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది?

డోన్_జంక్షన్
1977 జూలై 25.

ఉరవకొండ_ఉష
ఏడాదికి మూడు రోజులు తక్కువ. అంటే తోడబుట్టినవాడు పోలీసుల కంటపడకుండా దాక్కుని పోయినాడు. ఆ ఏడాది తిరక్కముందే ఆమె మొగుడితో రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టింది. మీరంతా రెండు రోజుల నుంచి బావ గొప్పా బామ్మర్ది గొప్పా అని వాదిస్తున్నారు. ఒక్కరన్నా నాగరత్నమ్మ గురించి ఆలోచించినారా? 1952లో ఎన్నికల రోజు పొద్దున ఆ ఇంట్లో కాఫీ ఎట్లా తాగినారో. ఆమె ఆ మరుగు లోపలికి పోయి ఏ పెట్టె ముందర నిలబడిందో.

డోన్_జంక్షన్
మొగుడికే వేసుంటుంది, ఇందులో అనుమానమేముంది.

ఉరవకొండ_ఉష
మీ ఇంట్లో అడిగి చెప్పండి అన్నా.

డోన్_జంక్షన్
అడగను. రాత్రి అన్నం తినాల.

బెంగుళూరు_బస్సు
పెట్టెలు వేరువేరుగా పెట్టినా, చీటీ మీద పేరు లేదు కదా. ఆమెది ఏదో లెక్కపెట్టేవాళ్లకు కూడా తెలీదు. మంచి ఏర్పాటే.

తాడిపత్రి_లాయర్
మంచిదే గాని దాంట్లో చిక్కుంది. చీటీ పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకోవచ్చు, కొన్నవాడు నాలుగు చీటీలు తన పెట్టెలో వేయించుకోవచ్చు. అందుకే తర్వాత ఆ పద్ధతి మార్చి, గుర్తులన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చి ముద్ర పెట్టారు.

గిరి_సాయినగర్
ఆలస్యం అయింది, మన్నించండి. ఇది చెప్పాలనే వచ్చినా.

ప్రాజెక్టు ఇచ్చేసినాం. పాప ఇద్దరి గురించీ రాసింది, ఒక్కో పేజీ ఒక్కొక్కరికి. ఉష గారు చెప్పిన పెట్టెల బొమ్మ మధ్యలో వేసింది, ఒకదాని మీద ఎద్దులు, ఒకదాని మీద కంకి. నాగరత్నమ్మ పేరు కింద గీత కూడా గీసింది. ఎద్దులు కుక్కల్లా ఉన్నాయని మా నాయన అన్నాడు, సంజీవరెడ్డి పరువు పోతుందని.

ఉష గారి పోస్టు జేజినాయనకు చదివి వినిపించినా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నిజం చెప్పినాడు. ఆయన ఓటు వేయలేదంట. మీసం మాట అబద్ధం. వాళ్లమ్మను బండిలో తోలుకుపోయి బయట నిలబడినాడు. ఆమెకు దారి పొడుగునా చెప్పినాడు, "కంకి కొడవలి, కంకి కొడవలి, మర్చిపోవద్దు" అని. వాళ్ల నాయన పొద్దున్నే జోడెద్దులని చెప్పి పంపినాడు. ఆమె లోపలికి పోయింది, బయటికొచ్చింది, కొంగుకు సిరా అంటకుండా వేలు ఎత్తి పట్టుకుని బండెక్కింది.

"ఏ పెట్టెలో వేసినావమ్మా" అని అడిగితే, "ఎద్దులకు నీళ్లు పెట్టినావా లేదా" అనిందంట.

ఆమె పోయేదాకా అడుగుతానే ఉన్నాడంట. చెప్పలేదు.